యూజర్ ప్రొఫైల్ విజార్డ్ సమీక్ష: పాత టెర్మినల్ సర్వర్ నుంచి కొత్తదానికి

నెల్లూరులో రైసు మిల్లు ఆఫీసు, చీమకుర్తిలో గ్రానైట్ ఎగుమతి ఆఫీసు, ఒంగోలులో పొగాకు వ్యాపారం. చేసే వ్యాపారాలు వేరైనా లోపలి గదిలో అమరిక ఒకటే. ఒక సర్వరు, దాని మీద టాలీ, పదిమంది నుంచి పాతిక మంది దాకా రిమోట్ డెస్క్‌టాప్‌లో లాగినై పనిచేసుకుంటుంటారు. ఇలాంటిదాన్నే టెర్మినల్ సర్వర్ అంటారు. ఆ సర్వరు విండోస్ 2012 ఆర్2 అయితే మైక్రోసాఫ్ట్ సపోర్టు 2023 అక్టోబర్ 10తోనే ఆగిపోయింది. 2016 అయితే 2027 జనవరి 12 వరకే గడువు. కొత్త సర్వరు కొనడం తేలిక. పాత సర్వరులో ఎవరి డెస్క్‌టాప్ ఎలా ఉందో, ఎవరి అవుట్‌లుక్‌లో ఏ మెయిల్ ఉందో అదంతా, అంటే ఒక్కొక్కరి యూజర్ ప్రొఫైల్, కొత్తదానిలో అలాగే కనపడేలా చేయడమే అసలు పని. ఆ పనికి ఎక్కువమంది వాడే సాధనం ఫోరెన్‌సిట్ కంపెనీ యూజర్ ప్రొఫైల్ విజార్డ్. ఈ సమీక్ష దాని గురించే.

మాట ముందే చెప్పేస్తే నయం. సర్వరు 2016 నుంచి 2019కో 2022కో మారుతోంది, పాతిక మందికి లోపే ఉన్నారు, అకౌంట్లు మాత్రం కొత్తవి. ఈ మూడూ కలిసినచోట దీన్ని మించిన సాధనం లేదు. 2012 ఆర్2 నుంచి మారుతుంటే మాత్రం దీని జోలికి పోవద్దు. ఎందుకో కింద ఉంది.

ప్రొఫైల్ అంటే సి డ్రైవ్‌లో యూజర్స్ కింద పేరుతో కనపడే ఫోల్డర్ ఒక్కటే అనుకుని కాపీ కొట్టేవాళ్లే ఎక్కువ దెబ్బతింటారు. విండోస్ మనిషిని పేరుతో గుర్తుపట్టదు, ఎస్‌ఐడీ అనే పొడవాటి నంబరుతో గుర్తుపడుతుంది. కొత్త సర్వరులో అదే పేరుతో, అదే పాస్‌వర్డ్‌తో అకౌంటు చేసినా ఎస్‌ఐడీ వేరే వస్తుంది. ఆ నంబరు మూడుచోట్ల ఉంటుంది. ఫోల్డర్ అనుమతుల్లో ఒకటి. ఎన్‌టీయూజర్.డాట్, యూజర్‌క్లాస్.డాట్ అనే రెండు రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగులు దాచే చోటు) ఫైళ్ల లోపలి అనుమతుల్లో ఇంకొకటి. సర్వరు రిజిస్ట్రీలోని ప్రొఫైల్‌లిస్ట్ అనే కీ కింద, ఈ ఎస్‌ఐడీకి ఈ ఫోల్డర్ అని రాసి ఉండేచోట మూడోది. ఫోల్డర్ కాపీ చేసి పైపైన అనుమతులు ఇచ్చేస్తే మొదటిది ఒక్కటే సరిపోతుంది. రెండోది తప్పితే లాగిన్ అవుతుంది గానీ డెస్క్‌టాప్ నల్లగా ఉండిపోతుంది, లేదంటే సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ పోతుంది. మూడోది అసలు లేకపోతే విండోస్ ఇంకో కొత్త ఖాళీ ప్రొఫైల్ పుట్టిస్తుంది, ఉండి కూడా లేని ఫోల్డర్‌ను చూపిస్తే ఒక టెంపరరీ ప్రొఫైల్ ఇస్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో 1511 నంబరు కనపడిందంటే ఈ టెంపరరీ ప్రొఫైల్ సంగతే. ఇది ప్రమాదకరమైనది. గుమాస్తా పొద్దుటి నుంచి డెస్క్‌టాప్ మీద దాచుకున్న ఎక్సెల్ ఫైళ్లన్నీ లాగాఫ్ కొట్టగానే మాయమవుతాయి, ఎక్కడ వెతికినా దొరకవు.

విజార్డ్ చేసేది ఈ మూడు చోట్లా పాత నంబరు తీసి కొత్త నంబరు రాయడం. ఫైళ్లను కదిలించదు, కాపీ చేయదు. ఉన్నచోటే ఉంచి హక్కుదారుడిని మారుస్తుంది, ఇంటి పట్టా పేరు మార్చినట్టు. అందుకే పది జీబీ ప్రొఫైల్ అయినా నిమిషాల్లో అయిపోతుంది. ఇదే దాని పరిమితి కూడా. ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కు అది తీసుకెళ్లదు. తీసుకెళ్లే పని మీరే, విండోస్‌లోనే ఉండే రోబోకాపీ అనే కాపీ కమాండ్‌తో చేయాలి. అదే కంపెనీకి ట్రాన్స్‌విజ్ అని ఇంకో సాధనం ఉంది, అది ప్రొఫైల్‌ను ఒక ఫైలుగా మూటగట్టి కొత్త మెషీన్‌లో విప్పుతుంది. ఇద్దరు ముగ్గురికైతే బాగానే ఉంటుంది. ఇరవై మందికి ఒక్కొక్కరినీ మూట కట్టి విప్పుతూ కూర్చోవడం దండగ.

పని వరస ఇలా ఉండాలి. ముందు పాత సర్వరులోకి కొత్త లాగిన్లు రాకుండా ఆపాలి, చేంజ్ లాగాన్ స్లాష్ డ్రెయిన్ అనే కమాండ్ అందుకే ఉంది. తర్వాత క్యూయూజర్ కొట్టి ఇంకా ఎవరున్నారో చూడాలి. కిటికీ మూసేసి వెళ్లినవాళ్లు డిస్క్ అని కనపడతారు, వాళ్ల సెషన్ ఇంకా బతికే ఉంటుంది, ఎన్‌టీయూజర్.డాట్ తాళం పడి ఉంటుంది. అందరినీ లాగాఫ్ చేసి, సర్వరును ఒకసారి రీస్టార్ట్ చేసి, ఎవరూ లాగిన్ కాకముందే కాపీ మొదలుపెట్టాలి.

రోబోకాపీలో ఐదు స్విచ్‌లు మరవకూడదు. /ఇ అంటే ఖాళీ ఫోల్డర్లతో సహా అన్నీ. /ఎక్స్‌జే అంటే జంక్షన్లు (ఇంకో ఫోల్డర్‌కు దారి చూపే లింకులు) వదిలెయ్యి అని. ఇది పెట్టకపోతే యాప్‌డేటా లోకల్‌లో ఉండే అప్లికేషన్ డేటా అనే పాత జంక్షన్ తనలోకి తానే తిరుగుతూ, పేరు పొడుగై పొడుగై, డిస్కు నిండేదాకా కాపీ సాగుతుంది. /ఆర్:1, /డబ్ల్యూ:1 పెట్టాలి. ఎందుకంటే రోబోకాపీ మామూలుగా ఒక ఫైలు దొరక్కపోతే 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. తాళం పడిన ఫైలు ఒక్కటున్నా రాత్రంతా అక్కడే ఆగిపోయి ఉంటుంది. చివరగా /లాగ్ పెట్టి, అయ్యాక ఆ ఫైలు తెరిచి ఫెయిల్డ్ వరుస చదవాలి. చదవకుండా ముందుకు వెళ్లకూడదు. టెంప్ ఫోల్డర్, క్రోమ్ క్యాష్, అవుట్‌లుక్ ఓఎస్‌టీ ఫైళ్లు వదిలేయొచ్చు. ఓఎస్‌టీ అంటే మెయిల్ సర్వరులో ఉన్న మెయిళ్లకు కాపీ, అక్కడి నుంచి మళ్లీ దానంతటదే దిగుతుంది. మెయిళ్లను మెషీన్‌లోనే దాచే పీఎస్‌టీ ఫైలు అలా కాదు. అది డాక్యుమెంట్స్‌లో అవుట్‌లుక్ ఫైల్స్ కింద ఉంటుంది, పోతే పోయినట్టే.

ఇరవై మంది, మనిషికి ఎనిమిది జీబీ అనుకుంటే 160 జీబీ. గిగాబిట్ లైన్ మీద లెక్క ప్రకారం అరగంట లోపు. కానీ ప్రొఫైల్ నిండా చిన్న చిన్న ఫైళ్లే, వాటికి ఆ వేగం రాదు. నాలుగు గంటలు పెట్టుకోండి. అదీ శనివారం సాయంత్రం ముందుగా ఒకసారి కాపీ కొట్టేసి, ఆదివారం అందరినీ బయటికి పంపాక రెండోసారి కొడితే మారినవి మాత్రమే వెళ్తాయి.

కొత్త సర్వరులో ఆ మనిషి అకౌంటు తయారుగా ఉండాలి గానీ ఒక్కసారి కూడా లాగిన్ అయి ఉండకూడదు. అయితే అప్పటికే అతనికి ఒక కొత్త ప్రొఫైల్ పుట్టేసి ఉంటుంది. పుడితే సిస్టమ్ ప్రాపర్టీస్‌లో యూజర్ ప్రొఫైల్స్ అనేచోటి నుంచి తీసేయాలి. ఎక్స్‌ప్లోరర్‌లో ఫోల్డర్‌ను డిలీట్ కొడితే ప్రొఫైల్‌లిస్ట్ కీ అలాగే మిగిలి, మళ్లీ ఆ 1511 గొడవే. ఇప్పుడు విజార్డ్ తెరిచి, అకౌంటు పేరు ఇచ్చి, షో అన్‌అసైన్డ్ ప్రొఫైల్స్ అనేదానికి టిక్ పెడితే మీరు కాపీ చేసిన ఫోల్డర్ జాబితాలో కనపడుతుంది. డొమైన్ (అందరి అకౌంట్లనూ ఒకేచోటి నుంచి నడిపే ఏర్పాటు) లేని ఆఫీసైతే డొమైన్ అన్న గడిలో సర్వరు పేరే ఇవ్వాలి. అక్కడే ఇంకో టిక్ ఉంటుంది, దీన్నే డిఫాల్ట్ లాగాన్ చేయమంటారా అని. టెర్మినల్ సర్వరులో అది తీసేయండి. అది ఒక్కరే వాడుకునే కంప్యూటరుకు పనికొచ్చేది.

ఉచిత పర్సనల్ ఎడిషన్‌లో ఒక్కొక్క ప్రొఫైల్‌నూ తెర మీద క్లిక్ చేస్తూ పోవాలి. డబ్బు కట్టే ఎడిషన్లలో కమాండ్ లైన్ ఉంటుంది, పాత పేరుకు కొత్త పేరు జతచేసిన జాబితా ఇచ్చి వరసగా నడపొచ్చు. ఆఫీసు పనికి కట్టే తీసుకోవాలి. పాతిక మంది పేర్లు రాత్రి పదకొండింటికి చేత్తో కొడుతుంటే ఒకరి ఫోల్డర్ ఇంకొకరికి అంటగట్టడం ఖాయం. జీతాల షీటు ఎవరి డెస్క్‌టాప్ మీద ఉందో ఊహించుకోండి.

పని అయ్యాక ఒక పరీక్ష తప్పనిసరి. ఒక గుమాస్తా అకౌంటుతో లాగినై, పక్కవాళ్ల ఫోల్డర్ తెరవడానికి ప్రయత్నించండి. రోబోకాపీ అనుమతులు లేకుండా కాపీ చేసినప్పుడు యూజర్స్ ఫోల్డర్ నుంచి అందరూ చదవొచ్చు అనే హక్కు వారసత్వంగా దిగే అవకాశం ఉంది. తెరుచుకుంటే ఆ ఫోల్డర్ మీద వారసత్వం తీసేసి, సిస్టమ్, అడ్మినిస్ట్రేటర్స్, ఆ మనిషి, ఈ ముగ్గురినే ఉంచాలి.

ఇక 2012 ఆర్2 సంగతి. విండోస్ ప్రొఫైళ్లకు తరాలున్నాయి. 2012 ఆర్2 ప్రొఫైల్ వీ4. 2016, 2019, 2022 మూడూ వీ6. వీ6 నుంచి వీ6కు మారడం అద్దె ఇల్లు మారినట్టు, సామాను సర్దుకుంటే చాలు. వీ4 ప్రొఫైల్‌ను 2022 మీద పెడితే లాగిన్ అవుతుంది, ఫైళ్లు కనపడతాయి, అంతా బాగుందనిపిస్తుంది. రెండో రోజు నుంచి స్టార్ట్ మెనూ తెరుచుకోదు, సెర్చ్ పనిచేయదు. ఆ రెండూ పాత విండోస్‌లో ఉన్న తీరు వేరు, కొత్తదానిలో తీరు వేరు. విజార్డ్ హక్కుదారుడిని మార్చగలదు గానీ ప్రొఫైల్ తరాన్ని మార్చలేదు. దాని తప్పేమీ కాదు, అది ఆ పనికి పుట్టలేదు. అలాంటప్పుడు కొత్త సర్వరులో ప్రతి ఒక్కరినీ ఒకసారి లాగిన్ చేయించి, కొత్త ప్రొఫైల్ పుట్టాక, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, ఫేవరెట్స్, పీఎస్‌టీ, క్రోమ్ బుక్‌మార్కులు మాత్రమే తెచ్చి పెట్టాలి. ఎన్‌టీయూజర్.డాట్ అస్సలు తేవొద్దు. మనిషికి పావుగంట ఎక్కువ పడుతుంది. ఆ తర్వాత నెలలపాటు వచ్చే ఫోన్లు తగ్గుతాయి.

విజార్డ్ ఎంత బాగా చేసినా రానివి కొన్నున్నాయి. వాటిని ముందే చెప్పకపోతే సోమవారం పొద్దున ఆఫీసులో నిలబడలేరు.

మొదటిది పాస్‌వర్డ్‌లు. క్రెడెన్షియల్ మేనేజర్‌లో, అవుట్‌లుక్‌లో దాచుకున్నవి ఆ మనిషి ఎస్‌ఐడీకీ పాస్‌వర్డ్‌కీ ముడిపెట్టి దాచి ఉంటాయి. ఎస్‌ఐడీ మారితే ముడి విడదు. క్రోమ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. 2024లో వచ్చిన 127వ వెర్షన్ నుంచి కుకీలను మెషీన్‌కే కట్టేస్తోంది, కాబట్టి డొమైన్ అకౌంటు మారకపోయినా కొత్త సర్వరులో అన్ని సైట్లలోనూ మళ్లీ లాగిన్ కావాల్సిందే. మారడానికి ముందు రోజు ప్రతి ఒక్కరి క్రోమ్ నుంచి పాస్‌వర్డ్‌లను సీఎస్‌వీ ఫైలుగా తీసి, కొత్తదానిలో ఎక్కించి, ఆ ఫైలును రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేయాలి. ఆ ఫైలులో పాస్‌వర్డ్‌లు మామూలు అక్షరాల్లో ఉంటాయి.

రెండోది టాలీ. ఇక్కడ చాలామంది మోసపోయేది ఫోల్డర్ దగ్గర. టాలీప్రైమ్ డేటా మామూలుగా యూజర్స్ కింద పబ్లిక్ ఫోల్డర్‌లో టాలీప్రైమ్, దానిలో డేటా అనేచోట ఉంటుంది. అది ఎవరి ప్రొఫైలూ కాదు. ప్రొఫైళ్లన్నీ తెచ్చాం, టాలీ వచ్చేసి ఉంటుందిలే అనుకుంటే కంపెనీల జాబితా ఖాళీగా కనపడుతుంది. డేటాను వేరే డ్రైవ్‌లో పెట్టి, ఇన్‌స్టాల్ ఫోల్డర్‌లోని టాలీ.ఐఎన్‌ఐలో దారి మార్చడం మంచిది. లైసెన్సు పాత మెషీన్‌కు కట్టుబడి ఉంటుంది, పాత సర్వరులో సరెండర్ చేసి కొత్తదానిలో యాక్టివేట్ చేయాలి. పాత సర్వరు ఇంటర్నెట్‌తో బతికి ఉండగానే సరెండర్ చేసుకోండి. అది అయ్యాక పాతదానిలో టాలీ ఎడ్యుకేషన్ మోడ్‌కు పోతుంది, అందుకే ఈ అడుగు అన్నిటికన్నా చివర.

మూడోది తెలుగు. సర్వర్ 2019 నుంచి ఫాంటును మామూలు యూజర్ ఇన్‌స్టాల్ చేస్తే అది విండోస్ ఫాంట్స్‌లోకి పోదు, అతని యాప్‌డేటాలోకి పోతుంది. రిజిస్ట్రీలో పూర్తి దారి రాసి ఉంటుంది. ఫోల్డర్ పేరు మారితే ఫాంటు కనపడదు, పాత తెలుగు లేఖలన్నీ ఇంగ్లీషు గీతలుగానో గడులుగానో మారతాయి. అను ఫాంట్లు వాడే ఆఫీసైతే ఫాంట్లన్నిటినీ అడ్మిన్‌గా, అందరు యూజర్లకూ అని ఎంచి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి.

నాలుగోది ప్రింటర్లు. వే బిల్లులకూ ఇన్‌వాయిస్‌లకూ మన దగ్గర ఇంకా డాట్ మ్యాట్రిక్సే. రిమోట్ డెస్క్‌టాప్ ఈజీ ప్రింట్ ప్రతి పేజీనీ బొమ్మగా మార్చి పంపుతుంది, కాబట్టి ఎప్సన్ ఎల్‌ఎక్స్-310 మీద అర నిమిషంలో రావాల్సిన బిల్లు గీకుతూ గీకుతూ వస్తుంది. గ్రూప్ పాలసీలో ఈజీ ప్రింట్ డ్రైవర్ ముందు వాడు అనేదాన్ని డిజేబుల్ చేసి, ప్రింటర్ అసలు డ్రైవర్‌ను సర్వరులో కూడా వేయాలి, పేరు రెండుచోట్లా అక్షరం తేడా లేకుండా. పాత డిఫాల్ట్ ప్రింటర్ కూడా పోతుంది, ఎందుకంటే సెషన్ ప్రింటర్ పేరు చివర ఉండే నంబరు ప్రతి లాగిన్‌కూ మారుతుంది.

పీడీఎఫ్ దేనిలో తెరుచుకోవాలి అనే ఎంపిక కూడా ఎస్‌ఐడీతో కలిపి ముద్ర వేసి ఉంటుంది, అది చెల్లక ఎడ్జ్‌లో తెరుచుకుంటుంది. మళ్లీ ఎంచుకుంటే సరి. డిజిటల్ సిగ్నేచర్ టోకెన్‌ను కొత్త సర్వరుకు గుచ్చి, సెషన్‌లో కనపడట్లేదని వెతకొద్దు. రిమోట్ సెషన్‌లో క్లయింట్ కంప్యూటరుకు గుచ్చిన టోకెనే కనపడుతుంది, దాని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మాత్రం సర్వరులో కూడా ఉండాలి.

అకౌంట్ల విషయానికి వస్తే, ఉన్న డొమైన్‌లోనే కొత్త సర్వరును కలిపేవాళ్లకు అసలు అకౌంట్ల వలసే లేదు. ఎస్‌ఐడీలు అవే, విజార్డ్ పని కూడా సగం తగ్గుతుంది. డొమైన్ లేకుండా సర్వరులోనే లోకల్ అకౌంట్లు పెట్టుకున్నవాళ్లకు విండోస్ సర్వర్ మైగ్రేషన్ టూల్స్ అనే ఫీచర్ సర్వరులోనే ఉంది. లోకల్ యూజర్లను, గ్రూపులను ఎగుమతి చేసి దిగుమతి చేస్తుంది. పాస్‌వర్డ్‌లు రావు. అకౌంట్లు డిజేబుల్ అయి, తొలి లాగిన్‌లో పాస్‌వర్డ్ మార్చాలి అన్న గుర్తుతో వస్తాయి. అక్కడే చిక్కు. నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ (ఎన్‌ఎల్‌ఏ, అంటే తెర రాకముందే పాస్‌వర్డ్ సరిచూడటం) ఉన్న సర్వరులోకి ఆ గుర్తున్న అకౌంటు రిమోట్‌గా లాగినే కాలేదు, మార్చుకునే తెర రాకముందే తలుపు మూసుకుంటుంది. ఎన్‌ఎల్‌ఏ తీసేయడం పరిష్కారం కాదు. ప్రతి అకౌంటుకూ కొత్త పాస్‌వర్డ్ మీరే పెట్టి, ఆ టిక్ తీసి, అకౌంటు ఎనేబుల్ చేసి, రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ గ్రూపులో ఉన్నారో లేదో చూడండి.

లైసెన్సు గురించి ఒక్క మాట, ఎందుకంటే ప్రొఫైళ్లన్నీ చక్కగా తెచ్చాక నాలుగు నెలలకు మొత్తం కూలేది ఇక్కడే. సర్వరులో ఆర్‌డీఎస్ (రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్) అనే రోల్ వేసినప్పటి నుంచి 120 రోజులు లైసెన్సు లేకుండా నడుస్తుంది. 121వ రోజు పొద్దున ఎవరికీ లాగిన్ ఉండదు. 2012కో 2016కో కొన్న క్యాల్‌లు (మనిషికో కంప్యూటరుకో ఒకటి చొప్పున కొనే లైసెన్సులు) 2022 సర్వరుకు చెల్లవు, కొత్తవి పాత సర్వరుకు చెల్లుతాయి. డొమైన్ లేని ఆఫీసు పర్ డివైస్ క్యాల్‌లే కొనాలి. పర్ యూజర్ కొని వర్క్‌గ్రూప్ (డొమైన్ లేని) సర్వరులో పెడితే సర్వర్ 2019 నుంచి 60 నిమిషాల్లో సెషన్ తెగిపోతుందని హెచ్చరిక వస్తుంది, నిజంగానే తెగిపోతుంది. కొటేషన్‌లో ఏ క్యాల్ రాశారో చూడకుండా సంతకం పెట్టొద్దు.

పోటీ సాధనాల్లో మైక్రోసాఫ్ట్ యూఎస్‌ఎంటీ (యూజర్ స్టేట్ మైగ్రేషన్ టూల్) గురించి ఎవరైనా చెబితే వినొద్దు. సర్వర్ విండోస్‌కు అది పనికిరాదని మైక్రోసాఫ్ట్ తన డాక్యుమెంటేషన్‌లోనే రాసింది. ఎఫ్‌ఎస్‌లాజిక్స్ మాత్రం గట్టి వస్తువు. 2018 నవంబరులో మైక్రోసాఫ్ట్ కొనేసింది, ఆర్‌డీఎస్ క్యాల్ ఉన్నవాళ్లకు వేరే డబ్బు లేదు. మనిషి ప్రొఫైల్ మొత్తాన్ని ఒక వీహెచ్‌డీఎక్స్ ఫైలులో (డిస్కులా పనిచేసే ఫైలు) పెట్టి, ఫైల్ సర్వరులో ఉంచి, లాగిన్ అయినప్పుడు తగిలిస్తుంది. మామూలుగా ఒక్కొక్కటి 30,000 ఎంబీ దాకా పెరగొచ్చు. రెండు సర్వర్లున్న ఆఫీసుకూ, మళ్లీ నాలుగేళ్లకు సర్వరు మారుస్తామని తెలిసినవాళ్లకూ ఇదే సరైనది. ఆ ఫైలు కొత్త సర్వరుకు తగిలిస్తే చాలు. కానీ ఫైల్ సర్వరు ఒక్క నిమిషం ఆగినా అందరి సెషన్లూ ఒకేసారి బిగుసుకుపోతాయి. తుపాను రోజుల్లో కరెంటు ఎలా ఉంటుందో మన తీరం వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఫైల్ సర్వరుకూ, మధ్యలో ఉన్న స్విచ్‌కూ కూడా యూపీఎస్ ఉంటేనే దీని వైపు వెళ్లండి. ఒకే సర్వరు, పదిహేను మంది ఉన్న మిల్లుకు యూజర్ ప్రొఫైల్ విజార్డే చాలు.

కొత్తది 2019 అయితే విజార్డ్‌తో సంబంధం లేని ఒక రిజిస్ట్రీ విలువ పెట్టాలి. ప్రతి లాగిన్‌కూ విండోస్ ఫైర్‌వాల్‌లో ఆ మనిషి పేరుతో కొత్త రూల్స్ పుట్టి, లాగాఫ్ అయినా పోవు. వేలల్లో పేరుకుని లాగిన్ నత్తనడక నడుస్తుంది, స్టార్ట్ మెనూ ఆగిపోతుంది. షేర్డ్‌యాక్సెస్, పారామీటర్స్, ఫైర్‌వాల్‌పాలసీ కింద డిలీట్‌యూజర్‌యాప్‌కంటైనర్స్‌ఆన్‌లాగాఫ్ అనే డీవర్డ్‌ను 1గా పెడితే ఆగుతుంది. మొదటి రోజే పెట్టండి, పేరుకున్నాక శుభ్రం చేయడం కష్టం.

ముహూర్తం కూడా ముఖ్యమే. నెలవారీ రిటర్నులు వేసే ఆఫీసుకు జీఎస్‌టీఆర్-1 నెల 11న, 3బీ 20న. కాబట్టి 21 నుంచి 27 లోపు వచ్చే ఆదివారం మంచిది, నెలాఖరు జీతాల లెక్కలు కూడా తప్పుతాయి. వరికోతలు ముమ్మరంగా ఉండే మార్చి, ఏప్రిల్‌లో మిల్లులను కదిలించొద్దు. పొగాకు ఆఫీసును వేలాలు నడిచే నెలల్లో అసలు ముట్టుకోవద్దు.

పాత సర్వరును ఆపి, నెట్‌వర్క్ కేబుల్ పీకి, అలాగే ఉంచాలి. ఒక 11, ఒక 20 రెండూ కొత్త సర్వరు మీద దాటాక, ఎవరికీ ఏ ఫైలూ తక్కువ కాలేదని ప్రతి టేబుల్ దగ్గరా అడిగాక, హార్డ్ డిస్కులు బయటికి తీసి, ఏ సర్వరువో ఏ తేదీవో కాగితం అంటించి బీరువాలో పెట్టాలి. రెయిడ్ (కొన్ని డిస్కులు కలిసి ఒకటిగా పనిచేసే ఏర్పాటు) ఉన్న సర్వరైతే ఏ డిస్కు ఏ గడిలో ఉందో ఆ నంబరు కూడా రాయాలి.